నీలి చొక్కా - బూట్ల జత

పిల్లలూ! హైదరాబాదు వస్తే ఒకసారి మా అశోక్ నగర్ చూడండి. ఏ సందులో చూసినా ఉద్యోగ పరీక్షలకు చదివే యువకులే. పక్కనే చిక్కడపల్లిలో పెద్ద గ్రంథాలయం. ఇంకాస్త నడిస్తే నారాయణగూడ, ఆ పైన కాచిగూడ.

మొన్న ఆదివారం మా మనుమడు, భారత జట్టువారు తొడుక్కునేలాంటి నీలి చొక్కా వేసుకుని నాతో ఆ దారినే బయలుదేరాడు.

"తాతయ్యా, మన జెండాకు మూడే రంగులు గదా! మరి ఆటగాళ్ళకు నీలం దేనికి?" అన్నాడు.

"జెండా మధ్యనున్న అశోకచక్రం ఏ రంగు?" అన్నాను.

వాడు తన చొక్కా చూసుకుని నవ్వాడు. 24 ఆకులున్న ఆ నీలి చక్రం 1947 జూలై 22న జెండాలో చేరింది.

"చొక్కా సరే. మరి కాళ్ళ మాట?" అంటూ నేను ఒక సంగతి చెప్పాను.

1948లో లండన్ ఒలింపిక్ క్రీడల్లో మన ఫుట్‌బాల్ ఆటగాళ్ళు చాలామంది ఒట్టి కాళ్ళతోనే ఆడారు. ఫ్రాన్సు చేతిలో 2-1 గోల్స్‌తో ఓడినా మెప్పు పొందారు. ఒట్టి కాళ్ళే మన జట్టు గుర్తయినాయి. కాని 1952లో, చలిదేశమైన ఫిన్లండులో, యుగోస్లావియా మనను 10-1తో ఓడించింది. ఆ తరవాత బూట్లు తప్పనిసరి చేశారు.

అప్పటి శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదువాడే. కాచిగూడ బడిలో పాఠాలు చెప్పిన పంతులు! బూట్లు తొడుక్కున్న ఆయన జట్టు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడల్లో నాలుగో స్థానం పొందింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది.

"నేను మాత్రం ఈ పాఠం ఆలస్యంగా నేర్చుకున్నాను," అన్నాను. నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న రోజుల్లో ఒక కుర్రవాడు ఒట్టి కాళ్ళతో బంతి ఆడేవాడు. "ఇదీ మన దేశపు ఆట!" అని నలుగురిలో పొగిడాను. ఒక వానరోజున వాడి పాదంలో గాజుపెంకు దిగింది. నెల్లాళ్ళు మంచం పట్టాడు. వాడు ఒట్టి కాళ్ళతో ఆడినది ఇష్టపడి కాదు, బూట్లు కొనలేక. ఆ సంగతి నేను ఒక్కనాడూ అడగలేదు.

మనుమడు ఏమీ మాట్లాడలేదు. నారాయణగూడలో పిల్లలు బంతి ఆడుతున్నారు. ఒక కుర్రవాడు చెప్పులు విప్పి గట్టున పెట్టి, ఒట్టి కాళ్ళతో ఆటలోకి దిగబోతున్నాడు. మావాడు అతని దగ్గరికి పరుగెత్తాడు.

"ఇంట్లో నాకు ఇంకో జత బూట్లున్నాయి. నీ కాలి కొలత ఎంత?" అన్నాడు.