మా అన్న గుండె, అమ్మ భయం

2023 జనవరి 27న కుప్పంలో పాదయాత్రలో నందమూరి తారకరత్న పడిపోయారని టీవీలో వస్తా ఉంటే, మదనపల్లెలో టమాటాలు తరుగుతున్నదాన్ని వదిలేసి అన్నకు ఫోన్ చేశాను. మా అన్న ఉండేది కుప్పంలోనే. "నేను బాగానే ఉండాను లేమ్మా" అన్నాడు. తారకరత్నది గుండెపోటు. పాపం, ఫిబ్రవరి 18న పోయారు. మా అన్నది వేరే. రక్తనాళం మూసుకుపోవడం కాదు, గుండె కండరమే మందమయ్యే జబ్బు.

అంతకుముందు ఏడాది మెట్లెక్కుతూ రెండుసార్లు కళ్లు తిరిగి పడితే ఎండదెబ్బ అనుకుని నిమ్మకాయ నీళ్లిచ్చి పడుకోబెట్టాం. అలా ఇచ్చింది నేనే. ఎకో తీశాక గానీ తెలియలేదు.

డాక్టరు కాగితం మీద గీసి చెప్పారు. నీరుగట్టువారిపల్లెలో మగ్గాలు చూసినదాన్ని కాబట్టి నాకు అర్థమైంది. మంచి కండరంలో పోగులు పడుగులా వరుసగా ఉంటాయి. ఈ జబ్బులో చిక్కుపడి, మధ్యమధ్య మచ్చలు కడతాయి. గుండెను కొట్టించే కరెంటు ఆ మచ్చ దగ్గర దారిలేక చుట్టూ తిరిగి మళ్లీ మొదటికే వస్తుంది. ఆ సుడిలో పడితే కింది గదులు నిమిషానికి 200 సార్లు కూడా కొట్టుకోవచ్చు. ఇంకా ముదిరితే వణుకే మిగులుతుంది, రక్తం బయటికి పోదు. అందుకే అన్నకు మెడ ఎముక కింద చర్మం లోపల ఐసీడీ అనే చిన్న మిషన్ పెట్టారు. గతి తప్పితే అదే షాక్ ఇస్తుంది.

ఇంతవరకు అందరూ ఒక్క మాట మీదే ఉన్నాం. తోబుట్టువులూ పిల్లలూ అందరూ ఈసీజీ, ఎకో తీయించుకోవాలని డాక్టరు అన్నప్పుడు మొదలైంది గొడవ. పుంగనూరులో అమ్మ తలుపు దగ్గరకేసి మరీ చెప్పింది. "పెండ్లి కావాల్సిన పిల్ల ఉంది. ఎవురికీ తెలియకూడదు."

ఇదేమీ మన ఇంటికే తగిలిన శాపం కాదమ్మా అన్నాను. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాలు రాలిపోయిన మార్పు మన దేశంలో నూటికి నలుగురిలో ఉంటుందని హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2009లోనే చెప్పారు. ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు. అన్నది అదో కాదో మేం చూపించలేదు. అమ్మ వినలేదు, సరే.

నా ఎకో బాగుంది. అన్న కూతురికి మాత్రం గోడ కాస్త మందంగా ఉందని ఏడాదికోసారి రమ్మన్నారు.

మొన్న పుంగనూరులోనే పెళ్లిచూపులు. అమ్మ కాఫీలు అందిస్తోంది. పిల్ల తనే నోరు విప్పింది. "మా నాయనకు గుండెకు మిషన్ పెట్టినారు. నేనూ ఏడాదికోసారి ఎకో తీయించుకోవాల." అమ్మ చేతిలో ట్రే అట్లే ఆగిపోయింది. అబ్బాయి తల్లి మాత్రం "యాడ తీయించుకుంటావమ్మా?" అని అడిగింది.

వాళ్ల కబురు ఇంకా రాలేదు.