చందా కట్టని పడవ

సంఘాలకు మన దేశంలో కొదవ లేదు. బియ్యం మిల్లుల వారికీ, లారీల వారికీ, మందుల దుకాణాల వారికీ, చలనచిత్ర నిర్మాతలకూ ఎవరి సంఘం వారికి ఉంది. ఏడాదికొక సర్వసభ్య సమావేశం, మంత్రిగారికొక మహజరు, మెడలో ఒక పూలదండ, గోడమీద ఒక ఫొటో. సామాన్యుడి దృష్టిలో వర్తక సంఘమంటే ఇంతే. చందా కట్టే సభ్యుణ్ణి ఆపి, "ఈ సంఘం నీకేం చేసింది?" అని అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పగలవారు తక్కువ. చెప్పగలిగినవాడు అధ్యక్షుడి పేరు చెప్పడు. ఏదో ఉపసంఘంలో జీతం భత్యం లేకుండా పనిచేసిన ఎవరో ఒకరి పేరు చెబుతాడు. పద్దెనిమిదేళ్లుగా ఒక చిన్న సంఘానికి లెక్కలు రాస్తున్నవాణ్ణి కనుక ఈ మాట ధైర్యంగా అనగలుగుతున్నాను.

ఆ సంఘం డిగ్లీపూర్ పడవల యజమానులది. అండమాన్ దీవుల్లో ఉత్తరపు కొసన ఉన్న పట్టణం డిగ్లీపూర్. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి రోడ్డు మార్గాన 300 కిలోమీటర్లకు పైబడిన దూరం. జరావాలు నివసించే అడవి గుండా వాహనాలు బారులు తీరి నడవాలి, దారిలో సముద్రపు పాయలు దాటాలి. ఊరి దాపున 732 మీటర్ల శాడిల్ పీక్ శిఖరం, దానిమీంచి దిగివచ్చే కల్‌పాంగ్ నది, ఊరికి రేవు ఏరియల్ బే. ఇక్కడి జనంలో అధికులు 1950 దశకంలో ప్రభుత్వం భూములిచ్చి స్థిరపరచిన తూర్పు బెంగాల్ నిర్వాసితుల సంతతివారు. పొలం వారిది. రేవులో మాత్రం శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వచ్చిన మావాళ్ల మాట వినిపిస్తుంది.

నేను వేటకు వెళ్లేవాణ్ణి కాను. వలలు, తాళ్లు, ఇంజను సామాను అమ్మే దుకాణం నాది. ఒక పడవలో వాటా ఉండడంవల్ల సభ్యత్వం దక్కింది. నాలుగు అక్షరాలు వచ్చినవాణ్ణని లెక్కల పుస్తకం నా చేతిలో పెట్టారు.

పెద్ద ఊళ్ల సంఘాలకూ ఉపసంఘాలుంటాయి. 1917లో హైదరాబాదులో వెలసిన వర్తక మండలి నేడు తెలంగాణ వాణిజ్య పరిశ్రమల మండళ్ల సమాఖ్యగా కొనసాగుతున్నది. పన్నులకొకటి, విద్యుత్తుకొకటి చొప్పున దానికి నిపుణుల కమిటీలున్నాయి. ఫ్యాక్టరీ యజమానులే సాయంత్రం పూట తీరిక చేసుకొని కూర్చుని, తోటి యజమానులకు బోధపడని చట్టాన్ని విప్పి చెబుతారు. మా కమిటీలు రేవు పక్కన చాపమీద కూర్చుంటాయి. అయినా పని స్వభావం ఒకటే. తనకు తెలిసిన సంగతిని, తనకున్న కాలాన్ని తన వృత్తివాడికే ఇవ్వడం. మావాళ్లకిది కొత్తదేమీ కాదు. ఆవలి తీరంలో పేట పెద్దలు తగువు తీర్చేవారు, అమ్మవారి పండుగకు చందా వేసేవారు, వేటకు పోయి రానివాడి ఇంటికి బియ్యం పంపేవారు. రశీదు పుస్తకం ఒక్కటే ఇక్కడ కొత్తగా వచ్చి చేరింది.

మాకు నాలుగు కమిటీలున్నాయి. ఐసు కమిటీని గురించి చెప్పవలసింది తక్కువ. ఐసు చాలనినాడు ఎవరికెన్ని దిమ్మలో పంచి, అందరిచేతా తిట్లు తినడం దాని పని. తగువుల కమిటీ సంగతి చెప్పకపోవడమే మేలు. కాగితాల కమిటీ మాత్రం 2008 నవంబరు తర్వాత పుట్టింది. బొంబాయిమీద దాడి చేసినవారు సముద్రం మీదుగా వచ్చారన్న కారణాన, దేశమంతటా పడవల నమోదు కట్టుదిట్టమైంది. వేటగాళ్లకు వేలిముద్రల గుర్తింపు కార్డులు వచ్చాయి. కొన్నేళ్లకు రైతులకిచ్చే క్రెడిట్ కార్డును మత్స్యకారులకూ విస్తరింపజేశారు. ప్రతిదానికీ ఒక దరఖాస్తు. ఫారాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. నింపవలసిన వాడికి తెలుగే సరిగా చదవడం రాదు. ఒక సరంగు కూతురు, ఇంటర్మీడియట్ పూర్తిచేసిన పిల్ల, వారానికి రెండు సాయంత్రాలు నా దుకాణం అరుగుమీద కూర్చుని ఈ పని చేసేది.

"తాతా, నువ్వు పుట్టిన ఏడాది చెప్పు."

"తుఫాను ఏడాదమ్మా."

"ఏ తుఫాను తాతా? మనవైపు తుఫాను రాని ఏడాదుందా?"

ఇలా గంటసేపు సాగి ఒక ఫారం తయారయ్యేది. ఆ పిల్ల నింపిన ఫారం తిరిగి రావడం నేనెరుగను. ఆమెకు సంఘం ఇచ్చింది పండుగనాడు ఒక చీర. అదీ నేను పట్టుబడితే.

నాలుగోది వెతుకులాట కమిటీ. అసలు చెప్పదలచింది దీన్ని గురించే.

2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణ అండమాన్ నేల కుంగిపోగా, ఉత్తరాన మా తీరం పైకి లేచింది. పగడపు రాళ్లు నీటిపైకి తేలాయి. వెనుక పాటువేళ కూడా పడవ నడిచిన చోట్ల అడుగు తగలసాగింది. దారులన్నీ కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. ఒక పెద్ద సరంగు, వరుసకు నాకు బావ, నలుగురిని వెంటబెట్టుకొని లోతు చూసి వెదురు గడలు పాతుతూ పోయాడు. వెతుకులాట కమిటీకి అదే నాంది. రేవు దగ్గర ఒక పలక వేలాడదీశారు. ఏ పడవ, ఎంతమంది, ఏ దిక్కు, ఎప్పుడు తిరిగి వస్తారు, చందా కట్టారా లేదా అని అయిదు గడులు. చీకటి పడ్డాక పలకమీద పేరు మిగిలితే ముందు కోస్ట్ గార్డువారి 1554 నెంబరుకు కబురు చేసేవారు, ఆపైన తామూ బయలుదేరేవారు. కోస్ట్ గార్డుకు ఓడలున్నాయి, విమానాలున్నాయి. ఫలానావాడు ఫలానా రాతిపారు దగ్గరే గాలం వేస్తాడన్న సంగతి మాత్రం తోటి వేటగాడికే తెలుస్తుంది. ఈ సేవకు డబ్బుతో కొనదగ్గ ప్రత్యామ్నాయం నాకు కనిపించదు.

నైరుతి రుతుపవనం నాళ్లలో మా రేవుకొక ప్రమాదం ఉంది. ఏరియల్ బే తూర్పు తీరాన ఉన్నది కనుక, ఇంజను ఆగిన పడవను నైరుతి గాలి ఒడ్డుకు చేర్చదు, బయటి సముద్రంలోకి తోస్తుంది. ఉత్తరాన కోకో కాలువ దాటితే కోకో దీవులు, అవి మయన్మార్‌వి. ప్రాణం దక్కినా పరాయి దేశపు చెర తప్పదు.

2016 ఆగస్టులో ఒక రాత్రి చిన్న డింగీ ఒకటి తిరిగి రాలేదు. అందులో ఇద్దరు. పడవవాడు కొత్తగా వచ్చినవాడు. రెండుసార్లు చందా అడిగితే రెండుసార్లూ మొహం చాటేశాడు. నిబంధనల ప్రకారం సంఘం నిధిలోంచి డీజిలు సభ్యుల పడవలకే. బావ ఆ రాత్రి నన్ను నిబంధన అడగలేదు. రెండు పడవలు తీసుకొని వెళ్లాడు. మరునాటి ఉదయం తొమ్మిదింటికి ఆ డింగీని వెనుక కట్టుకొని వచ్చారు. ఇద్దరూ బతికే ఉన్నారు. డెబ్బై లీటర్ల డీజిలు ఖర్చయింది. ఆ పద్దు ఏ ఖాతాలో రాయాలో నాకు తోచలేదు.

సర్వసభ్య సమావేశంలో దుమారం లేచింది. అందరికన్న గట్టిగా మాట్లాడినది ఒక వితంతువు. భర్త మిగిల్చిన పడవను కూలివాళ్లను పెట్టి నడిపిస్తూ ముగ్గురు పిల్లలను సాకుతున్న మనిషి. "ఒక్క నెల తప్పకుండా కట్టినదాన్ని. కట్టనివాడికీ నాకూ భేదం లేనప్పుడు నా డబ్బు నాకు తిరిగిచ్చేయండి," అన్నది. సభలో ఎవరూ నోరు మెదపలేదు. ఆమె మాటలో అన్యాయం వెతికినా దొరకదు. ఊరికే వచ్చేదానికి రూకలిచ్చేదెవరు? పెద్ద సంఘాలనూ ఈ ప్రశ్నే పీడిస్తుంది. సంఘం పోరాడి పన్ను తగ్గిస్తే, సభ్యుడు కాని వర్తకుడికీ ఆ తగ్గింపు వర్తిస్తుంది కదా!

బావ లేచి ఒకటే చెప్పాడు. "అక్కా, నీ మాట నిజమే. కాని చీకట్లో నాకు కనిపించేది దీపం ఒక్కటే. అది చందా కట్టిన దీపమో కాదో నాకెలా తెలుస్తుంది?"

చివరకు తీర్మానమయింది. వెతుకులాట అందరికీ, ఐసు, కాగితాలు, తగువులు సభ్యులకే. ఆమె వ్యతిరేకంగానే చెయ్యెత్తింది. ఆమెతోపాటు మరి పదకొండు మంది. తీర్మానం న్యాయమైనదేనని నా నమ్మకం. ఆమె ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదని కూడా నేను ఒప్పుకుంటాను. బ్రతికి వచ్చిన ఆ పడవవాడు మరుసటి సంవత్సరం మాయాబందర్ వెళ్లిపోయాడు. చందా కట్టలేదు. డెబ్బై లీటర్లను ఇతర ఖర్చుల కింద రాశాను.

పుస్తకంలో గడి లేని ఖర్చు మరొకటి ఉంది. ఆ ఏడాది కమిటీ పనిమీద బావ పందొమ్మిది రోజుల వేట పోగొట్టుకున్నాడు. వేట లేనినాడు ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో ఆయన భార్యకు తెలుసు. ఆమె చాలాసార్లు నా దుకాణం ముందు నిలబడి నన్ను వినమని చెప్పింది. రోజుకూలీ ఇద్దామని కొందరు ప్రతిపాదించారు. ఆయన వద్దన్నాడు. నేనూ వద్దనే అన్నాను. బ్రిటన్‌లో 1824లో స్థాపించిన జీవరక్షక పడవల సంస్థ ఒకటి ఉంది. ఆ పడవల సిబ్బందిలో అత్యధికులు నేటికీ స్వచ్ఛంద సేవకులే, ఖర్చు చాలావరకు విరాళాలమీద నడుస్తుంది. కాని సేవకుడికి మంచి పడవ, తడవని బట్ట, శిక్షణ వారు కరవు చేయరు. కూలీ వద్దన్నవాడి జేబులోంచి డీజిలు కూడా రాబట్టడం మన సంఘాలకున్న దురలవాటు. టార్చి బ్యాటరీలకు సైతం బావ సొంత డబ్బే పెట్టేవాడని నాకు చాలాకాలానికి తెలిసింది. ఆపైన డీజిలు, భోజనం, బ్యాటరీలు నిధిలోంచి ఇవ్వాలని, ఒకే మనిషిమీద రెండేళ్లకు మించి భారం వేయరాదని తీర్మానం చేయించాను. మొదటి భాగం అమలవుతోంది. రెండో భాగం అమలుకు మనుషులు దొరకాలి.

2022లో మోకాళ్లు పట్టేసి బావ పడవ దిగాడు. ఆరు నెలలు ఆ కమిటీకి పెద్ద దిక్కు లేదు. ఇప్పుడు ఇద్దరు కుర్రాళ్లు చూస్తున్నారు, ఒకడు మావాడు, ఒకడు బెంగాలీ. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇచ్చే కెరటాల హెచ్చరికలను ఫోనులో చూసి పొద్దున్నే అందరికీ చేరవేస్తారు. పలక అక్కడే ఉంది గాని దానికి కొత్తగా రంగు వేసినప్పుడు చందా గడిని తీసేశారు. అదేమిటని అడిగితే, "ఆ గడి మీ పుస్తకంలో ఉంది కదా బాబాయ్," అన్నారు.

ఉంది. ఆ వితంతువు నేటికీ నెల మొదటి వారంలో వచ్చి చందా కడుతుంది. రశీదు కొంగున ముడివేసుకుంటూ, "ఈ నెల ఎంతమంది కట్టారు బాబూ?" అని అడుగుతుంది. నేను పుస్తకం తిప్పి ఆమెవైపు పెడతాను.