హోరు నాది కాదు

గిటార్‌కి కేబుల్ పెట్టగానే స్పీకర్లలోంచి గుయ్‌మని హోరు. "మేడమ్, మీ వాయిద్యంలోనే ఏదో తేడా ఉంది" అన్నాడు సౌండ్ అబ్బాయి. ముందు వరసలో నవ్వులు. పాతికేళ్లప్పుడైతే నమ్మేసేదాన్ని.

తీగల మీద చెయ్యేస్తే హోరు తగ్గింది. పక్కకి తిరిగి నిలబడితే ఇంకాస్త తగ్గింది. నాది సింగిల్ కాయిల్ పికప్. తీగల కదలికతోపాటు చుట్టూ ఉన్న కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ హోరునీ, లైట్ల డిమ్మర్ల గరగరనీ పట్టేస్తుంది. డిమ్మర్లు ఆపించాను. సగం పోయింది.

మిగిలింది ఎర్త్ గొడవ. నా యాంప్‌కి ఒక మూల ప్లగ్గు, మిక్సర్‌కి ఇంకో మూల ప్లగ్గు. రెండు ఎర్తుల మధ్య తేడా కేబుల్లో తిరుగుతోంది.

"యాంప్ ఎర్త్ పిన్ను పీకేద్దాం మేడమ్, అందరూ అలాగే చేస్తారు."

1972లో వేల్స్‌లోని స్వాన్సీలో గిటారిస్టు లెస్ హార్వీ, ఎర్త్ సరిగా లేని మైకు ముట్టుకుని స్టేజీ మీదే చనిపోయాడు. నేను ఒప్పుకోలేదు. రెండింటినీ ఒకే బోర్డుకి పెట్టించాను. హోరు ఆగింది.

కార్యక్రమం పావుగంట ఆలస్యమైంది. "ఆవిడ కొంచెం మొండి" అనడం వినిపించింది. ఎదుటివాళ్ల చెవులకి ఇబ్బంది లేకుండా మన రక్షణ మనమే పీకేసుకోవాలన్న సలహా నేను వినడం అదే మొదటిసారి కాదు. వినకపోవడం మాత్రం అదే మొదలు.