లష్కరులో రెండు రోజులు

పిల్లలూ,

సికిందరాబాదు చూచినవాళ్ళు చేతులెత్తండి! మీరు ఎత్తినా నాకు కనిపించదనుకోండి. కాని ముప్పై ఆరేళ్ళు బడిలో గడిపి, అందులో చివరి తొమ్మిదేళ్ళు హెడ్మాస్టరు కుర్చీలో కూర్చున్నవాడికి ఈ అలవాటు ఒక పట్టాన పోదు. మా మనవరాలు కూడా నన్ను వెక్కిరిస్తుంది.

మొన్న ఆగస్టు నెలలో నేను సికిందరాబాదు వెళ్ళాను. అక్కడ నాకు ఇద్దరు స్నేహితులున్నారు. 1983లో మేము ముగ్గురం ఉపాధ్యాయ శిక్షణ కోసం హనుమకొండలో ఒక అద్దె గదిలో ఉండేవాళ్ళం. వారిలో ఒకడు సైన్సు, ఒకడు లెక్కలు. నేను సాంఘిక శాస్త్రం. ముగ్గురికీ ఇప్పుడు జుట్టు నెరిసింది. లెక్కల వాడికి నెరవడానికి జుట్టు కూడా లేదు.

మహబూబాబాదులో గోలకొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. కాజీపేట, జనగామ దాటాక కిటికీ పక్క సీటు దొరికింది. భువనగిరి వచ్చేసరికి ఎదురుగా కొండంత బండరాయి, దాని నెత్తిన కోట. ఎన్నిసార్లు చూచినా ఆ రాయి నాకు బోర్లించిన పెద్ద మూకుడులాగే కనిపిస్తుంది. మీరు ఆ దారిన వెళితే నిద్రపోకండి. మౌలాలి గుట్ట కనిపించిందంటే ఇక సామాను సర్దుకోవలసిందే.

పాతకాలపు వాళ్ళు సికిందరాబాదును "లష్కరు" అంటారు. లష్కరంటే సైన్యం. 1798లో నిజాం ప్రభువుకూ ఇంగ్లీషువారికీ ఒడంబడిక జరిగి, వారి పటాలాలు హుస్సేనుసాగరుకు ఉత్తరాన దిగాయి. 1806లో ఆ దండు ఊరికి అప్పటి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళి అమ్మవారికి జరిగే పండుగను నేటికీ లష్కరు బోనాలనే అంటారు. సాంఘిక శాస్త్రం ఇంతటితో ఆపుతాను, లేకపోతే మీరు పేజీ తిప్పేస్తారు.

సైన్సు మిత్రుడి ఇల్లు మారేడుపల్లిలో. గుమ్మంలో అడుగు పెట్టగానే వేయించిన నువ్వుల వాసన కొట్టింది. వదినగారు సర్వపిండి చేస్తున్నారు. మా వైపు పిల్లలందరికీ ఇది తెలుసు. తెలియనివారి కోసం చెబుతాను. బియ్యప్పిండిలో నానవేసిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, ఉల్లిపాయలు, కారం, ఉప్పు వేసి కలుపుతారు. లోతైన గిన్నెకు లోపల నూనె రాసి, ఆ ముద్దను గిన్నె గోడలకు అంటుకునేటట్టు పలచగా ఒత్తుతారు. తరవాత వేలితో అక్కడక్కడ చిల్లులు పెడతారు.

"ఆ చిల్లులెందుకో చెప్పు, సాంఘికం!" అన్నాడు సైన్సు మిత్రుడు. వాడికి ఎక్కడైనా పాఠమే.

"అందానికి," అన్నాను.

"కాదురా! చిల్లులో వేసిన నూనె అడుగుకు దిగి పిండిని కరకరలాడిస్తుంది. పిండిలోని నీరు ఆవిరై ఆ దారినే పైకి పోతుంది. చిల్లు లేకపోతే ముద్ద ముద్దగా ఉండిపోతుంది."

వదినగారు నవ్వి, "ఆయనకు చెప్పడం బాగా వచ్చు, చేయడం రాదు," అన్నారు. ఇంతలో మల్కాజిగిరి నుంచి లెక్కల మిత్రుడు వచ్చాడు. వాడు పుట్టి పెరిగింది లష్కరులోనే. "ఏంరా, ఇప్పుడా వచ్చేది? నీ కోసం పొద్దటి నుంచి తినకుండ కూర్చున్న," అని నా వీపు మీద ఒక్కటి చరిచాడు. తినకుండా కూర్చున్నాడన్నది నమ్మకండి. వాడి మీసానికి ఇడ్లీ చట్నీ ఉంది.

ఆ రాత్రి జొన్నరొట్టెలు, వంకాయకూర, పచ్చిపులుసు. పచ్చిపులుసును పొయ్యి మీద పెట్టరు. చింతపండు రసంలో ఉల్లిపాయ, మిరపకాయ నలిపి, పోపు వేస్తే చాలు. భోజనాలయ్యాక వదినగారు అందరికీ మజ్జిగ ఇచ్చారు. లెక్కల మిత్రుడు గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు. సైన్సు మిత్రుడు వెంటనే, "గ్లాసులు దూరం జరపండమ్మా, వీడున్నాడు!" అన్నాడు. అందరం నవ్వాము. నేనూ నవ్వాను.

ఈ నవ్వు సంగతి మీకు చెప్పాలి. దీనికోసమే ఇదంతా రాస్తున్నాను.

శిక్షణలో చివర పరీక్ష పాఠం చెప్పాలి. పరీక్షాధికారి వెనక బల్ల మీద కూర్చుని మార్కులు వేస్తాడు. సైన్సు మిత్రుడు మలేరియా పాఠం తీసుకున్నాడు. దోమ గుడ్డు, లార్వా, ప్యూపా, రెక్కల దోమ, ఈ నాలుగు దశలనూ పెద్ద చార్టు మీద నాలుగు రాత్రులు కూర్చుని రంగులతో వేశాడు. దోమ కాలి మీది నూగు కూడా కనిపించేది. పరీక్షకు ముందు రాత్రి చార్టును బల్ల మీద ఆరబెట్టి వాడు భోజనానికి వెళ్ళాడు. గదిలో నేను ఒక్కణ్ణే ఉన్నాను. చేతిలో పుస్తకం, పక్కన గ్లాసు నిండా టీ. పేజీ తిప్పబోతే మోచెయ్యి తగిలింది. గ్లాసు పడింది. టీ అంతా చార్టు మీదికి పారింది.

తుడుద్దామని గుడ్డ కోసం పెరట్లోకి పరుగెత్తాను. అదే సమయానికి కరెంటు పోయింది. చీకట్లో లెక్కల మిత్రుడు గదిలోకి వచ్చి అగ్గిపెట్టె కోసం బల్ల మీద తడుముకున్నాడు. పడి ఉన్న గ్లాసుకు వాడి చెయ్యి తగిలి అది ఖంగుమని కింద పడింది. అగ్గిపుల్ల గీసి చూచేసరికి చార్టు నిండా టీ! నేను గుడ్డతో గుమ్మంలోకి వచ్చాను. "అయ్యయ్యో, నా చెయ్యి తగిలి పడ్డదిరా!" అన్నాడు వాడు. ముఖం పాలిపోయింది.

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. అంతలో సైన్సు మిత్రుడు రానే వచ్చాడు. లెక్కలవాడు వాడి చేతులు పట్టుకుని క్షమించమన్నాడు. నేను నేల తుడిచాను. మర్నాడు సైన్సు మిత్రుడు నల్లబల్ల మీద సుద్దముక్కతో బొమ్మలు వేసి పాఠం చెప్పాడు. మార్కులు తగ్గాయి. వారం తరవాత చెబుదామనుకున్నాను. ఇప్పుడెందుకులే అనిపించింది. ఏడాది తరవాత మరీ ఆలస్యమయిందనిపించింది.

మర్నాడు మేము ముగ్గురం మెట్రో రైలులో ప్రకాశ్‌నగర్ దిగి, బేగంపేట పాత విమానాశ్రయం దగ్గరున్న ఒక పాత మేడ చూడడానికి వెళ్ళాము. ఈ మేడ గురించి మీకు తప్పక తెలియాలి. మలేరియా జ్వరం చెడుగాలి వల్ల వస్తుందని ఒకప్పుడు లోకమంతా నమ్మేది. ఆ మాటకు అర్థమే చెడుగాలి. ఇక్కడ పటాలంలో డాక్టరుగా ఉన్న రోనాల్డ్ రాస్ అనే ఆయనకు, దోమలకూ ఈ జ్వరానికీ సంబంధం ఉందేమోనని అనుమానం. ఆయన పుట్టింది మన దేశంలోనే, అల్మోరాలో. రెండేళ్ళపాటు దోమలను కోసి సూక్ష్మదర్శినిలో చూచాడు. ఏమీ దొరకలేదు. ఎంచేతనంటే ఆయన చూచినవి వేరే జాతి దోమలు! ఎండాకాలం చెమట పడి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. పంకా వేసుకుందామంటే కోసిన దోమలు ఎగిరిపోతాయి.

చివరికి 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు దొరికాయి. హుసేన్ ఖాన్ అనే రోగి మలేరియాతో బాధపడుతున్నాడు. ఆయనను ఆ దోమల చేత కుట్టించుకోమని, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. పదహారు అణాలు ఒక రూపాయి. ఆగస్టు 20న రాస్ ఆ దోమల్లో ఒకదానిని కోసి చూస్తే, దాని కడుపు గోడలో గుండ్రని కణాలు, వాటిలో నల్లని నలుసులు కనిపించాయి. అచ్చం అటువంటి నలుసులే మలేరియా రోగి రక్తంలోనూ ఉంటాయి. అంటే రోగి రక్తంలోని క్రిమి దోమ కడుపులోకి వచ్చి పెరుగుతున్నదన్నమాట! మరుసటి ఏడు ఆయన కలకత్తాలో పక్షుల మీద పరిశోధించి, దోమకాటు వల్లనే ఆ క్రిమి ఒకరి నుంచి మరొకరికి పోతుందని చూపించాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని నేటికీ ప్రపంచ దోమల దినమంటారు. అణాలు తీసుకున్న హుసేన్ ఖాన్ పేరిట ఏ దినమూ లేదు. అది నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

ఆ మేడ ముందు నిలబడి లెక్కల మిత్రుడు, "ఆనాడు నా చెయ్యి తగలకపోతే ఎంత మంచి చార్టురా!" అన్నాడు. ఎవరూ అడగలేదు. తనంతట తానే అన్నాడు. ఈసారి నాకు నవ్వు రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ప్యారడైజు దగ్గర దిగి, ఒక పాత ఇరానీ హోటలులో కూర్చున్నాము. పారశీక దేశం నుంచి బొంబాయి మీదుగా వచ్చినవారు ఈ హోటళ్ళు పెట్టారు. వీరి టీ తీరే వేరు. డికాక్షనును మూత బిగించిన పాత్రలో సన్నని సెగ మీద చాలాసేపు కాస్తారు. పాలు మరో పాత్రలో చిక్కబడేదాకా మరుగుతాయి. కప్పులో ముందు డికాక్షను, దాని మీద పాలు. తోడుగా కొంచెం తీపి, కొంచెం ఉప్పగా ఉండే ఉస్మానియా బిస్కెట్లు, ఉల్లిపాయ పెట్టిన చిన్న చిన్న సమోసాలు. సమోసా కొరికితే వేడి ఆవిరి ముక్కుకు తగిలింది.

సైన్సు మిత్రుడు టీని సాసరులో పోసుకుని తాగుతాడు. సాసరులో టీ పలచగా పరుచుకుంటుంది గనుక ఎక్కువ భాగానికి గాలి తగిలి త్వరగా చల్లారుతుంది. మీరు కూడా గోరువెచ్చని నీటిని సగం కప్పులో, సగం సాసరులో పోసి, అయిదు నిమిషాలాగి వేలు పెట్టి చూడండి. మరిగే నీటితో మాత్రం చేయకండి సుమా!

లెక్కల మిత్రుడు కప్పును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఆ చార్టు మీద టీ పోసింది నువ్వు కాదురా. నేను," అన్నాను.

జరిగినదంతా చెప్పాను. సమోసాలు చల్లారిపోయాయి. సైన్సు మిత్రుడు కాసేపు నా వంక చూచి, "అవునురా! కరెంటు పోయి, వీడు అగ్గిపుల్ల గీసేసరికి నీ చేతిలోకి గుడ్డ ఎలా వచ్చింది? నలభై రెండేళ్ళలో ఒక్కసారైనా ఆలోచించానా? నేనా సైన్సు మాస్టర్ని!" అని తల కొట్టుకున్నాడు.

లెక్కల మిత్రుడు మాత్రం నవ్వలేదు. "మా ఇంట్ల చుట్టాలొస్తే నేను ఛాయ్ పళ్ళెం పట్టుకోను, తెలుసా? నా చెయ్యి మంచిది కాదని," అన్నాడు. లేచి బయటికి నడిచాడు.

మేమూ వెనకే వెళ్ళాము. మహాత్మాగాంధీ రోడ్డు వెంట ముగ్గురం ఒక వరసలో, మాట లేకుండా నడిచాము. ఆ రోడ్డును పూర్వం జేమ్స్ స్ట్రీటు అనేవారు. గడియార స్తంభం దాకా వచ్చి వాడు ఆగాడు. అది 1897లో తెరిచిన స్తంభం, ఎత్తు 120 అడుగులు. రాస్ దోమను కోసిన సంవత్సరమే అది కూడా. మరో రోజయితే ఈ మాట వాళ్ళకు చెప్పి గొప్ప పోయేవాణ్ణి.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు వాడు.

"భయం వేసింది."

"తర్వాత?"

"తర్వాత సిగ్గు."

వాడు చాలాసేపు గడియారం వంక చూచాడు. "సరే, పద. మోండా మార్కెట్ల సీతాఫలాలొచ్చినయేమో చూద్దాం," అన్నాడు. సీతాఫలాలు ఇంకా రాలేదు. ఆ సాయంత్రం వాడు నాతో మూడే మాటలు మాట్లాడాడు. నేను లెక్కపెట్టాను.

మూడోనాడు మధ్యాహ్నం నా బండి. ఇద్దరూ స్టేషనుకు వచ్చారు. లెక్కల మిత్రుడు మమ్మల్ని ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి ఎక్కడికో వెళ్ళాడు. బండి కూత వేసింది. వాడు రాలేదు. నేను మెట్టు మీద నిలబడి జనంలోకి చూస్తున్నాను. అంతలో వాడు కనిపించాడు. కుడి చేతిలో ఒక టీ, ఎడమ చేతిలో ఒక టీ. కూలీలను, పెట్టెలను, పరుగెత్తే పిల్లలను తప్పించుకుంటూ వచ్చి ఒకటి నాకు ఇచ్చాడు.

బండి కదిలే కుదుపుకు వాడి కప్పులోంచి కొంచెం ఒలికి సైన్సు మిత్రుడి చొక్కా మీద పడింది.

"ఇది మాత్రం నువ్వేరా!" అన్నాడు సైన్సు మిత్రుడు.

"అవును, ఇది నేనే!" అని లెక్కలవాడు ఖాళీ అయిన చెయ్యి నా వైపు ఊపాడు.