షాంఘై సాయంత్రం: ఏటికి ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ

ఎంత హెచ్చరించినా మొదటి కుడుము నోరు కాల్చి తీరుతుంది. వెదురు బుట్ట మూత తీయగానే గుప్పున ఆవిరి లేస్తుంది. అది తేలిపోయాక అడుగున చిన్న చిన్న మూటలు కనిపిస్తాయి. పలుచటి పిండి పొర, నెత్తిన ముడతలు పెట్టి బిగించిన ముడి. కదిలిస్తే లోపల ఏదో తొణికినట్టుంటుంది. నిజంగా తొణుకుతుంది కూడా, లోపలున్నది మరిగే రసం మరి. ముడి దగ్గర పుల్లలతో పట్టుకుని నెమ్మదిగా చెంచాలోకి దించాలి. పక్కన పంటితో చిన్న గాటు పెట్టి రసం పీల్చాలి. ఆ తర్వాతే నల్ల వెనిగర్, సన్నగా తరిగిన అల్లంతో మిగతాది నోట్లో వేసుకోవాలి. గైడ్ ఇదంతా ఓపిగ్గా చేసి చూపిస్తుంది. బల్ల చుట్టూ కూర్చున్నవారిలో సగం మందికి అంత ఓపిక ఉండదు. ఒక్కసారిగా నోట్లో వేసుకుని, మరుక్షణం మంచినీళ్ల కోసం వెతుక్కుంటారు.

షాంఘైలో విదేశీ పర్యాటకుల కోసం నడిచే సాయంత్రపు యాత్రలన్నిటిదీ ఇంచుమించు ఇదే వరస. పొద్దు వాలే వేళ చిన్న బస్సులో హోటళ్ల దగ్గర ఎక్కించుకుంటారు. పాత నగరంలో యూయువాన్ తోట చుట్టూ ఉన్న బజారులో కాసేపు తిప్పుతారు. కుడుముల భోజనం పెట్టిస్తారు. దీపాలు వెలిగాక షిలియూపు రేవుకు తీసుకెళ్లి హువాంగ్‌పు నదిలో ఓ గంటలోపు విహారం చేయిస్తారు. నాలుగైదు గంటల్లో నగరం చూసేసినట్టే లెక్క. టికెట్టుకు సరిపడా వినోదం దొరుకుతుందనడంలో సందేహం లేదు. కాకపోతే ఆ నాలుగైదు గంటల్లో చెప్పేదానికంటే చెప్పకుండా దాటవేసేదే ఎక్కువ.

ముందు భోజనం సంగతి. ఇంగ్లిషులో డంప్లింగ్ అనే ఒక్క మాటతో సరిపెట్టేస్తారు గానీ చైనాలో దాని కిందకి వచ్చేవి ఒకటీ రెండూ కాదు. ఉత్తరాదిలో కొత్త సంవత్సరం ముందు రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని ఒత్తుకునే జియావ్‌జీ వేరు, దాన్ని ఎక్కువగా నీళ్లలో ఉడికిస్తారు. షాంఘైవాళ్లు ప్రాణం పెట్టే షియావ్‌లోంగ్‌బావ్ వేరు. దీని పుట్టిల్లు నగరానికి వాయవ్యాన, ప్రస్తుతం జియాడింగ్ జిల్లాలో ఉన్న నాన్‌షియాంగ్ అనే చిన్న పట్టణం. 19వ శతాబ్దం రెండో సగంలో అక్కడ మొదలై, 1900 నాటికి యూయువాన్ పక్కన దుకాణం పెట్టేదాకా వచ్చింది. నేటికీ ఆ దుకాణం ముందు వరస కనిపిస్తుంది.

రసం లోపలికి ఎలా వెళ్లిందన్నది ప్రతి బల్ల దగ్గరా వచ్చే ప్రశ్నే. సూదితో ఎక్కించరు. పంది చర్మాన్ని గంటల తరబడి ఉడికించి ఆ నీటిని చల్లారిస్తే పెరుగులా గట్టిపడుతుంది. దాన్ని తరిగి మాంసం ఖీమాలో కలిపి పిండిలో చుట్టేస్తారు. ఆవిరి తగలగానే ఆ గడ్డ కరిగి రసమవుతుంది. వినాయక చవితి నాడు కొబ్బరి, బెల్లం పెట్టి కుడుములు చేసే తెలుగువారికి ఈ విద్య పూర్తిగా కొత్తదేమీ కాదు. బియ్యప్పిండికి బదులు గోధుమపిండి, పూర్ణానికి బదులు పంది మాంసం. ఆ చివరి మాట దగ్గరే చాలా భారతీయ కుటుంబాల భోజనం ఆగిపోతుంది. శాకాహారులకు పుట్టగొడుగులు, ఆకుకూర పెట్టి చేసినవి దొరుకుతాయి. వాటిలో రసం ఉండదు. అంటే ఆ తతంగమంతటిలో అసలు విషయం ఉండదన్నమాట.

అవతలి గట్టు గదికన్నా...

రేవులో అసలు ప్రదర్శన మొదలవుతుంది. హువాంగ్‌పు పొడవు 113 కిలోమీటర్లు, నగరం మధ్యలో వెడల్పు సుమారు 400 మీటర్లు. రాజమండ్రి దగ్గర గోదావరిని చూసిన కళ్లకు ఇదో పెద్ద కాలువలా అనిపిస్తే తప్పులేదు. అయితే ఈ ఏటి గొప్పదనం వెడల్పులో లేదు. ఒక గట్టు మీద నిలబడితే మరో గట్టు మొత్తం ఒక్క చూపులో పట్టేస్తుంది. ఓడ కదలగానే జనమంతా పైఅంతస్తుకు ఎక్కి, ముందు ఒక వైపు, తర్వాత మరో వైపు పరుగు తీస్తారు.

పశ్చిమాన ఉన్నది బండ్, చైనీయుల భాషలో వాయ్‌తాన్. 1923లో కట్టిన హాంకాంగ్ అండ్ షాంఘై బ్యాంకు భవనం, 1927 నాటి కస్టమ్స్ హౌస్ గడియార స్తంభం, 1929లో తయారైన శాసూన్ హౌస్ పచ్చని గోపురం, అన్నిటికీ బంగారు రంగు దీపాలే. లండన్‌నో లివర్‌పూల్‌నో పెకలించి తెచ్చి ఇక్కడ పాతినట్టుంటుంది. తూర్పున పుడోంగ్. 1994లో పూర్తయిన 468 మీటర్ల ఓరియంటల్ పెర్ల్ టీవీ స్తంభం, 1999 నాటి జిన్‌మావ్, 2008లో తెరిచిన 492 మీటర్ల వరల్డ్ ఫైనాన్షియల్ సెంటర్, వాటన్నిటినీ చిన్నబుచ్చుతూ 632 మీటర్ల షాంఘై టవర్. అటువైపు దీపాలకు ఒక రంగంటూ లేదు. గోడలే తెరలైపోయి ప్రకటనలు పారుతుంటాయి.

మూడున్నర దశాబ్దాల కిందట ఆ తూర్పు గట్టు మీద గిడ్డంగులు, ఓడల మరమ్మతు షెడ్లు, పొలాలు ఉండేవి. అవతల గది కన్నా ఇవతల మంచం మేలని నగరవాసులు అనుకునేవారు. నగరం నడిబొడ్డున నది మీద ఒక్క వంతెన కూడా ఉండేది కాదు. పనికి వెళ్లాలన్నా, ఆస్పత్రికి చేరాలన్నా పడవే గతి. 1987 డిసెంబరులో పొగమంచు వల్ల పడవలు నిలిచిపోయి, మళ్లీ మొదలైనప్పుడు రేవులో తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయాయి. 1990లో కేంద్ర ప్రభుత్వం పుడోంగ్ అభివృద్ధి ప్రకటించింది. మరుసటి ఏడాది నాన్‌పు వంతెన, 1993లో యాంగ్‌పు వంతెన వచ్చాయి. తర్వాతి కథ ఆకాశంలో కనిపిస్తూనే ఉంది. లౌడ్‌స్పీకర్లో ఈ ఎత్తులూ సంవత్సరాలూ వినిపిస్తాయి. రేవులో పోయిన ప్రాణాల ఊసు వినిపించదు.

బొంబాయి నుంచి వచ్చిన డబ్బు

బండ్ కథ చెప్పేటప్పుడు గైడ్లు శాసూన్ పేరు దగ్గర కాసేపు ఆగుతారు. కోటీశ్వరుడు, విలాసపురుషుడు, ఆయన హోటల్లో ప్రపంచ ప్రముఖులు బస చేసేవారు అని చెప్పి ముందుకు సాగిపోతారు. ఆ డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న భారతీయ పర్యాటకుడికి మాత్రం దగ్గరి చుట్టంలా తగులుతుంది. బాగ్దాద్ నుంచి 1830ల్లో బొంబాయి చేరిన యూదు కుటుంబం వాళ్లది. ముంబైలోని శాసూన్ డాక్ వాళ్లు కట్టించిందే. నూలు, పత్తితో పాటు వాళ్ల సంపదకు పెద్ద ఆధారం నల్లమందు. మాల్వాలో పండిన సరుకు బొంబాయి రేవు నుంచి, బీహార్, బనారస్ ప్రాంతాల్లో రైతులతో పండించింది కలకత్తా నుంచి చైనాకు ఓడలెక్కేది. ఆ వ్యాపారాన్ని అడ్డుకోబోయిన చైనా యుద్ధంలో ఓడింది. 1842 నాన్‌జింగ్ ఒప్పందంతో తెరవాల్సి వచ్చిన ఐదు రేవుల్లో షాంఘై ఒకటి. బొంబాయిలోని పార్శీ వర్తకులు కూడా ఈ లాభాల్లో వాటాదారులే. అక్కడ ఆస్పత్రులూ కాలేజీలూ లేచిన డబ్బులో కొంత ఈ గట్టు మీద పొగై పోయినదే.

మనవాళ్లు ఇక్కడ మరో రూపంలో కూడా కనిపించేవారు. విదేశీయుల పాలనలోని ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్‌లో 1880ల నుంచి సిక్కు కానిస్టేబుళ్లు ట్రాఫిక్ నియంత్రించేవారు, అవసరమైతే లాఠీ ఝళిపించేవారు. షాంఘై జనం వాళ్లకు ఎర్ర తలపాగాల పేరుతో ఓ ఎగతాళి మాట కట్టారు. అది పాతవాళ్ల నోట నేటికీ వినిపిస్తుంది. ఏలినవాడు ఇంగ్లిషువాడైనా ఇక్కడి సామాన్యుడి వీపు మీద పడింది భారతీయుడి లాఠీ. 1924లో రవీంద్రనాథ్ టాగోర్ చైనా పర్యటన ఈ నగరంలోనే మొదలైంది. 2010లో ఇక్కడ ఆయన విగ్రహం పెట్టారు. ఈ ఓడ మీద నుంచి మాత్రం అది కనిపించదు.

నీళ్లలో కనపడనివి

దీపాలు లేని హువాంగ్‌పును ఊహించడం పర్యాటకుడికి కష్టం. షాంఘైవాసులకు అంత కష్టం కాదు. 2022 ఆగస్టులో సిచువాన్‌లో కరువొచ్చి జలవిద్యుత్తు పడిపోయినప్పుడు బండ్‌నూ, అవతలి గట్టునూ రెండు రాత్రులు చీకట్లో ఉంచారు. అంతకు కొద్ది నెలల ముందు చీకటి మరో రకంగా దిగింది. కరోనా కట్టడి కోసం మార్చి 28న నదిని సరిహద్దుగా పెట్టుకుని ముందు తూర్పు వైపు, ఏప్రిల్ ఒకటిన పశ్చిమం వైపు జనాన్ని ఇళ్లలో పెట్టి తాళం వేశారు. నాలుగు రోజులన్నది జూన్ ఒకటి దాకా సాగింది. ఆసియాలోకెల్లా సంపన్న నగరాల్లో ఒకటైన చోట జనం కూరగాయల కోసం ఫోన్లలో గుంపులు కట్టుకోవాల్సి వచ్చింది. విహారం ఓడలు తిరిగే ఈ నీళ్లే ఆ రోజుల్లో గోడయ్యాయి.

భోజనం బల్ల మీద అస్సలు ఎత్తకూడని సంగతి ఇంకొకటుంది. 2013 మార్చిలో ఈ నదిలో చచ్చిన పందులు కొట్టుకొచ్చాయి. ఒకటీ రెండూ కాదు, లెక్క తేలేసరికి పది వేలు దాటాయి. ఎగువన జియాషింగ్ ప్రాంతంలోని పెంపకందారులు జబ్బుపడి చచ్చిన జంతువులను నీళ్లలోకి తోసేశారు. చచ్చిన పందుల మాంసాన్ని దొంగచాటుగా అమ్మేవాళ్ల మీద పోలీసులు విరుచుకుపడటంతో అవి మార్కెట్‌కు బదులు నదికి చేరాయని అప్పట్లో పత్రికలు రాశాయి. నగరానికి తాగునీరిచ్చే నదుల్లో ఇదొకటి. నీళ్లకు ఢోకా లేదని అధికారులు హామీ ఇచ్చారు. బీజింగ్‌లో కిటికీ తెరిస్తే ఉచితంగా సిగరెట్టు పొగ, షాంఘైలో కుళాయి తిప్పితే ఉచితంగా పంది సూపు అని జనం ఇంటర్నెట్‌లో జోకులేసుకున్నారు. యాంగ్‌చీ నదీముఖంలో కట్టిన చింగ్‌త్సావ్‌షా జలాశయం అప్పటికే అందుబాటులోకి వచ్చింది కాబట్టి నగరానికి కొంత ఊరట. కుడుముల అమ్మకాలు ఎన్నాళ్లు తగ్గాయో గానీ శాశ్వతంగా మాత్రం తగ్గలేదు.

ఇన్ని చెప్పుకున్నాక ఒక మంచి కూడా ఒప్పుకోవాలి. 2010 వరల్డ్ ఎక్స్‌పో కోసం నదికి రెండు వైపులా సుమారు 18,000 కుటుంబాలను లేపేశారు. 1865లో మొదలైన జియాంగ్‌నాన్ ఓడల కర్మాగారం దూరంగా దీవికి తరలిపోయింది. అంతటి తొలగింపు చేసిన ప్రభుత్వాలు సాధారణంగా నదీతీరాన్ని ఖరీదైన ఇళ్లకు కట్టబెడతాయి. షాంఘైలో ఆ పనీ జరిగింది. కానీ 2017 చివరికల్లా యాంగ్‌పు వంతెన నుంచి షుపు వంతెన దాకా 45 కిలోమీటర్ల గట్టును నడకకూ పరుగుకూ సైకిలుకూ ఎవరైనా వాడుకునేలా కలిపేశారు. దానికి టికెట్టు లేదు. మన నగరాల్లో నదీతీరం పేరుతో గీస్తున్న నమూనాల్లో ఈ మాట ఎంత మందికి గుర్తుంటుందో చూడాలి. ఎక్స్‌పో నేల మీదే నేడు బ్రిక్స్ దేశాల న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు ప్రధాన కార్యాలయం ఉంది. 2015లో దాని తొలి అధ్యక్షుడైంది భారతీయుడు కె.వి.కామత్.

2020లో ఆగిపోయిన భారత్-చైనా నేరు విమానాలు 2025 చివర్లో మళ్లీ మొదలయ్యాయి. కాబట్టి ఈ బల్లల చుట్టూ మళ్లీ తెలుగు మాటలు వినిపించే రోజు దూరంలో లేదు. వచ్చేవాళ్లకు ఒక సలహా. కుడుములు తినండి, మానొద్దు. ఓడ ఎక్కినా ఎక్కకపోయినా మామూలు జనం దాటే ఫెర్రీ మాత్రం ఒకసారి ఎక్కండి. విహారం ఓడకు వంద యువాన్లకు అటూఇటూగా పెట్టాలి. ఫెర్రీకి రెండు యువాన్లు. అవే గట్లు, అవే దీపాలు. కూర్చోడానికి సీటు దొరక్కపోవచ్చు, వ్యాఖ్యానం ఉండదు.

అక్కడ కనిపించే జనం కూడా వేరు. 2020 జనగణనలో షాంఘై జనాభా సుమారు రెండున్నర కోట్లు. అందులో కోటి మందికి పైగా వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. చాలామందికి ఈ ఊరి హుకౌ, అంటే స్థానిక నివాస నమోదు లేదు. అది లేకపోతే పిల్లల చదువు ఒక దశ దాటాక సొంతూరికి పంపాల్సిందే. ఎలక్ట్రిక్ స్కూటర్లను సొరంగ మార్గాల్లోకి రానివ్వరు గనుక తిండి పొట్లాలు చేరవేసే కుర్రాళ్లు ఫెర్రీని నమ్ముకుంటారు. గేటు తెరవగానే హెల్మెట్లతో, సీటు వెనక పెట్టెలతో బండ్లన్నీ ఒక్కసారి లోపలికి దూసుకొస్తాయి. ఏరు దాటడానికి పది నిమిషాలు కూడా పట్టదు. ఆ కాసేపూ ఎవరూ దీపాల వైపు చూడరు. అందరి చూపూ ఫోన్ల మీదే, తర్వాతి ఆర్డరు ఎక్కడికో, ఇంకా ఎన్ని నిమిషాలున్నాయోనని.