ఒక్కనాటి పెట్రోలు ఉపవాసం

ధరలు పెరిగినప్పుడు కోపం రావడం సహజం. ఆ కోపాన్ని ఎవరి మీద చూపాలో తెలియకపోవడం అంతకంటే సహజం. ఉల్లిగడ్డ ధర పెరిగితే కూరలో ఉల్లిగడ్డ తగ్గిస్తాము. పెట్రోలు ధర పెరిగితే మాత్రం బంకులో పని చేసే కుర్రవాని మీద విసుక్కొని, అదే బంకులో అదే పెట్రోలు పోయించుకొని ఇంటికి వస్తాము. కొనేవాళ్ళందరూ ఒక్కటై కొనడం మానితే పెట్రోలు ధర దిగివస్తుందా అన్న ప్రశ్న 2022 ఏప్రిల్‌లో మా కళాశాలలో చర్చకు వచ్చింది. ఆ వ్యవహారంలో మాకు కొంత పాత్ర, కొంత అపరాధం కూడా ఉన్నందువల్ల, విద్యార్థుల ముందు, కమిటీ పెద్దల ముందు దానిని ఉన్నదున్నట్లు విన్నవించుకొంటున్నాము. మేము తెలుగు చెప్పుకొనేవారము. అర్థశాస్త్రం మా శాఖ కాదు. తప్పులుంటే ఆ శాఖవారు మన్నింతురు గాక.

ఆనాటి పరిస్థితిని ఒక్కసారి గుర్తు చేసుకొందాము. 2021 నవంబరు 4 నుండి 137 రోజులు పెట్రోలు ధర కదలలేదు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైన తరువాత ప్రపంచ విపణిలో ముడిచమురు పీపా 130 డాలర్లు దాటినా ఇక్కడ కదలిక లేదు. అది అయిదు రాష్ట్రాల ఎన్నికల కాలం. మార్చి 10న ఫలితాలు వచ్చినాయి. మార్చి 22 నుండి ధర లేచింది. ఏప్రిల్ 6 దాకా పదహారు రోజులలో పద్నాలుగు మార్లు పెరిగి, ఢిల్లీ లెక్కన లీటరుకు మొత్తం 10 రూపాయలు అధికమైంది. మా కర్నూలులో లీటరు 120 రూపాయల దరిదాపుకు చేరింది.

అప్పుడు కొందరు డిగ్రీ విద్యార్థులు మా వద్దకు వచ్చినారు. ఏప్రిల్ 7, గురువారం నాడు ఊరిలో ఎవరూ పెట్రోలు కొనరాదు, బండ్లు తీయరాదు, విద్యార్థులు, అధ్యాపకులు నడచి గాని, సైకిలు మీద గాని రావాలి, ఆటోలవారిని కూడా ఆ ఒక్కరోజు ఆపవలసిందిగా కోరాలి అన్నది వారి సంకల్పం. వాట్సాప్‌లో పంపే విజ్ఞాపనను తెలుగులో, ఉర్దూలో రాసి తెచ్చినారు. తెలుగు ప్రతిలో రెండు గుణింతాలు దిద్ది, మా పేరు కూడా చేర్చుకొమ్మన్నాము. అంతటి ఉత్సాహాన్ని కాదనడానికి మనసు రాలేదు.

ఇక మా అపరాధం. బుధవారం సాయంకాలం, ఇఫ్తారుకు గంట ముందు, మేము స్కూటరు తీసికొని బంకుకు పోయినాము. శుక్రవారం పొద్దున బంధువుల ఇంటికి పోవలసిన పని ఉన్నది, రేపు కొనరాదు గనుక నేడే పోయించుకొంటే సరిపోతుంది అని మనసుకు చెప్పుకొన్నాము. బంకులో వరుస చాలా పెద్దది. మా ముందు నాలుగో బండి మీద ఉన్నది ఎవరనుకొన్నారు? విజ్ఞాపన రాసి తెచ్చిన బి.కాం. విద్యార్థే! మమ్ములను చూచి అతడు తల దించుకొన్నాడు. అతనిని చూచి మేమూ అదే పని చేసినాము. "ఏమిటి నాయనా, ఇంత రద్దీ?" అని పెట్రోలు పోసే కుర్రవానిని అడిగితే, "రేపు ఏదో బంద్ అంట సార్, అందరూ ఈ రోజే ఫుల్ చేయించుకుంటాండారు" అన్నాడు. బంద్ చేయించేవారు ఎవరో అతనికి తెలియదు. చెప్పే ధైర్యం మాకు లేకపోయింది.

గురువారం మా ఇంటి నుండి కళాశాలకు మూడు కిలోమీటర్లు నడచినాము. ఉపవాసం, కర్నూలు ఎండ, నడక, ఈ మూడూ కలిసి మధ్యాహ్నానికి మమ్ములను పుణ్యాత్ములమన్న భ్రమకు తీసికొనిపోయినాయి. కళాశాల ముందు బండ్లు నిలిపే తావు ఖాళీగా ఉన్నది. పిల్లలు సైకిళ్ళ వరుసకు ఫొటోలు తీసినారు. మరునాడు పొద్దున ధర పెరగలేదు. దాని మరునాడూ పెరగలేదు. సోమవారం తరగతిలోకి అడుగు పెట్టగానే, "సార్, జీత్ గయే!" అని వెనుక బల్లల నుండి కేక వినిపించింది. నిజంగానే ఏప్రిల్ 7 నుండి పెంపు ఆగిపోయింది. కాకి వాలగానే తాటిపండు పడిన సామెత మేము చెప్పవలసి వచ్చింది. ఆగడానికి కారణం మనమైతే, అంతకుముందు 137 రోజులు ఆగడానికి కారణమెవరు? ఆ రోజుల్లో మనమెవరమూ కొనడం మానలేదు గదా!

అమెరికాలో ఇటువంటి పిలుపు చాలా పాతది. 1999 ఏప్రిల్ 30న ఆ దేశంలో ఎవరూ పెట్రోలు కొనరాదని ఈమెయిలు ఉత్తరాలు ఊరూరా తిరిగినాయి. ఒకరోజు కొననివారు దాని ముందురోజో, తరువాతరోజో కొన్నారు. తరువాతి సంవత్సరాలలో అదే ఉత్తరం తేదీ మార్చుకొని మళ్ళీ మళ్ళీ వచ్చింది. కొన్నింటిలో ఒకటి రెండు పెద్ద కంపెనీల పెట్రోలు మాత్రమే మానండి అన్న సవరణ కూడా చేరింది. కాని ఒక కంపెనీ బంకులో కొనని పెట్రోలు మరొక కంపెనీ బంకులో కొనవలసిందే. ఆ రెండవ బంకువాడు తన నిలువ చాలక మొదటి కంపెనీ శుద్ధికర్మాగారం నుండే తెచ్చుకోగలడు. పెట్రోలుకు ఇంటిపేరు లేదు. అర్థశాస్త్ర శాఖలోని మా మిత్రుడు దీనికి ఇంకొక మాట చేర్చినాడు. పెట్రోలు గిరాకీకి వ్యాకోచత్వం తక్కువట. అంటే, ధర పెరిగినా వాడకం వెంటనే అంతగా తగ్గదు. ఆసుపత్రికి, ఆఫీసుకు, పొలానికి పోవలసినవాడు పోకతప్పదు.

రంజాన్ మాసంలో ఈ సంగతి మనకు బోధపడడం కష్టం కాదు. పగలంతా పస్తుండి, ఇఫ్తారు వేళ రెండు పూటల తిండి ఒక్కసారే తినేవాని ఇంటిలో సరుకుల ఖర్చు తగ్గదు, పెరుగుతుంది. ఉపవాసం ఆకలిని వాయిదా వేయడానికి కాక, కోరికను తగ్గించుకోవడానికి ఏర్పడినది. మేము చేసినది వాయిదా.

అయితే, నిజంగా లోకమంతా పెట్రోలు మానితే ఏమగును? ఆ పరీక్ష కూడా జరిగింది. 2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల ప్రపంచం ఇంటిలో కూర్చున్నది. ప్రపంచపు చమురు గిరాకీ రోజుకు దాదాపు 2 కోట్ల 90 లక్షల పీపాలు తగ్గుతుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ అప్పుడు అంచనా కట్టింది. ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు మే నెల ఒప్పందపు ధర సున్నాకు కూడా దిగువకు, మైనస్ 37 డాలర్లకు పడిపోయింది. అమ్మేవాడు ఎదురు డబ్బిచ్చి సరుకు వదిలించుకొన్నాడన్నమాట. ఇంతకు మించిన బహిష్కరణను ఏ విద్యార్థి సంఘమూ జరపజాలదు. మరి మన బంకులో ధర దిగిందా? దిగలేదు. ఆ మార్చిలో కేంద్రం పెట్రోలు మీద ఎక్సయిజు సుంకాన్ని లీటరుకు 3 రూపాయలు, మే మొదటివారంలో మరొక 10 రూపాయలు పెంచింది. ముడిచమురులో తగ్గినదంతా సుంకంలో కలిసింది. మన రాష్ట్రపు అమ్మకపు పన్ను 2022 నాటికి పెట్రోలు మీద 31 శాతం, ఆపైన లీటరుకు 4 రూపాయలు ఉండేది. దేశంలోని బంకులలో పదింటికి సుమారు తొమ్మిది ప్రభుత్వరంగ కంపెనీలవే. కనుక మన బహిష్కరణ ఎవరి తలుపు తట్టాలి? వ్యాపారి తలుపు తట్టితే ఆయన ప్రభుత్వం వైపు వేలు చూపుతాడు. 2022 మే 21న కేంద్రం సుంకం 8 రూపాయలు తగ్గించిన తరువాతనే మా ఊరి ధర నిజంగా దిగింది.

ఇంతమాత్రాన బహిష్కరణ వ్యర్థమని విద్యార్థులు అనుకోరాదు. ఆ చరిత్ర గొప్పది. ఖిలాఫత్, సహాయనిరాకరణ ఉద్యమాలలో విదేశీ వస్త్రాన్ని కాదన్నవారి చేతిలో రాట్నం ఉన్నది, ఒంటి మీద ఖద్దరు ఉన్నది. అమెరికాలోని మాంట్‌గొమరీ నగరంలో 1955 డిసెంబరు 5న బస్సులెక్కడం మానిన నల్లజాతివారు 381 రోజులు మానినారు. వారు నడచినారు, కార్లు పంచుకొన్నారు. ఆ బస్సుల ప్రయాణికులలో అత్యధికులు వారే గనుక కంపెనీ పెట్టె ఖాళీ అయింది. న్యాయస్థానపు తీర్పు కూడా తోడైన తరువాతనే ఉద్యమం ముగిసింది.

పెట్రోలుకు మరింత దగ్గరి ఉదాహరణ మొరాకో దేశంలో ఉన్నది. 2018 ఏప్రిల్ 20న అక్కడి ప్రజలు మూడు సరుకులు కొనరాదని నిర్ణయించుకొన్నారు. ఒక కంపెనీ పాలు, ఒక కంపెనీ నీటి సీసాలు, అఫ్రిక్వియా అనే కంపెనీ పెట్రోలు. ఒక్కరోజుతో ఆపలేదు. రంజాన్ వచ్చింది, పోయింది, వారు నిలబడినారు. ఫ్రాన్సు దేశపు పాల కంపెనీ అధినేత స్వయంగా మొరాకోకు వచ్చి ప్రజలతో మాట్లాడవలసి వచ్చింది. సెప్టెంబరులో పాశ్చరైజు చేసిన పాలను లాభం లేకుండా అమ్ముతామని ప్రకటించినాడు. పాలకు వేరే పాలు దొరుకుతాయి, ధర నిర్ణయించేవాడు ఎదుటనే ఉన్నాడు, నష్టం అతనికి తగిలింది. పెట్రోలు విషయంలో అంత స్పష్టమైన విజయం కనబడలేదు. ఆ పని చట్టం చేయవలసి వచ్చింది. 2023 నవంబరులో అక్కడి పోటీ మండలి తొమ్మిది ఇంధన కంపెనీల చేత 184 కోట్ల దిర్హాములు చెల్లించేటట్లు ఒప్పందం చేయించింది.

ఆ పాల విజయానికి ఒక నీడ కూడా ఉన్నది. అమ్మకాలు పడిపోగానే ఆ కంపెనీ రైతుల వద్ద పాల సేకరణను 30 శాతం తగ్గించింది. దెబ్బ మొదట తగిలింది పాడి రైతుకు. ఇది చదివినప్పుడు మా వీధిలోని చాచా గుర్తుకు వచ్చినాడు.

చాచా ఆటో నడుపుతాడు. ఆయన కూతురు మా కళాశాలలోనే చదివింది. ఆ గురువారం ఆయన ఆటో తీయలేదని మాకు వారం తరువాత తెలిసింది. ఎందుకు నిలిపినారని అడిగినాము. "పిల్లలు వచ్చి అడిగినారు లెక్చరర్ సాబ్. మీ పేరు కూడా ఉండాదని పాప చెప్పింది. కాదని ఎట్లంటాను?" అన్నాడు. ఆనాటి సంపాదన పోయింది. సాయంకాలం ఫైనాన్సువాడు కంతుకు రానే వచ్చినాడు. ఇఫ్తారుకు ఖర్జూరం, నీళ్ళు తప్ప ఏమీ కొనలేదని కూతురు చెప్పింది. "ముందురోజు పోయించుకొని ఉంచుకోలేదా?" అని మేము తెలివితక్కువగా అడిగినాము. ఆయన నవ్వినాడు. "మేము ఏ రోజుకారోజు వందకో, నూటయాభైకో పోయించుకొనేవాళ్ళము సాబ్. ట్యాంకు నిండా పోయించుకొనేవాళ్ళకే ఒకరోజు మానేది చెల్లుతుంది."

ఎన్ని పుస్తకాలు చదివినా మాకు ఇంత సూటిగా తెలియలేదు. మా పేరును చూచి ఆయన పస్తు పడుకొన్నాడు. మా ట్యాంకు మాత్రం నిండుగా ఉన్నది. ఆ రోజు కూలి ఇవ్వబోతే ఆయన పుచ్చుకోలేదు. "పిల్లల పని గదా" అన్నాడు.

మరి ధర దించే దారి లేదా? ఉన్నది గాని అది నిదానమైనది. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపినప్పుడు పీపా సుమారు 3 డాలర్లుండేది. 1974 జనవరికి 11 డాలర్లు దాటింది. 1979లో ఇరాన్ విప్లవం తరువాత 30 డాలర్లు మించింది. అప్పుడు దేశాలు ఒకరోజు మానలేదు, ఏళ్ళ తరబడి తగ్గించుకొన్నాయి. అమెరికా 1975లో చట్టం చేసి, 1985 నాటికి కొత్త కార్లు గాలనుకు సగటున 27.5 మైళ్ళు నడవాలన్నది. విద్యుత్కేంద్రాలు చమురు మాని బొగ్గుకు, అణుశక్తికి మళ్ళినాయి. ఉత్తర సముద్రంలో, అలాస్కాలో కొత్త చమురు దొరికింది. గిరాకీ తగ్గి, సరుకు పెరిగి, 1986లో పీపా ధర 10 డాలర్ల దాకా కూలింది. ఆ పనికి పదమూడేళ్ళు పట్టింది. ఏ ఒక్కరోజూ ఎవరూ విజయమని కేక వేయలేదు.

కమిటీ పెద్దలకు ఈ సందర్భంగా మా మనవి రెండు మాటలు. ఏప్రిల్ 7న మా పిల్లలు తెచ్చిన సైకిళ్ళు ఎండలో నిలిచినాయి. నీడగల సైకిలు స్టాండు ఒకటి కట్టించండి. కళాశాల వేళలకు సరిపడే బస్సు కోసం ఆర్టీసీ అధికారులకు కమిటీ పేరున అర్జీ పెట్టండి. విద్యార్థులకు ఒక మాట. లీటరు ధరలో సరుకు ఎంత, సుంకం ఎంత, పన్ను ఎంత అని లెక్క కట్టి, ఓటడగడానికి వచ్చినవారి ముందు పెట్టండి. వారి వద్దకు పోయే దారికి పెట్రోలు అక్కరలేదు. ఇకమీదట ఏ బహిష్కరణకైనా పిలుపునిచ్చే ముందు దాని కూలి ఎవరు చెల్లిస్తారో తెలుసుకోండి.

మేము అప్పటి నుండి ఒక చిన్న పుస్తకంలో నెలకు ఎన్ని లీటర్లు పోయించినామో రాసుకొంటున్నాము. వారానికి మూడు రోజులు నడచి వస్తున్నాము. లెక్క కొద్దికొద్దిగా తగ్గుతున్నది. దానివల్ల ప్రపంచంలో పీపా ధర పైసా కూడా దిగదని మాకు తెలుసు. ఆ పుస్తకం మొదటి పుటలో, మొదటి వరుసలో ఉన్న తేదీ 2022 ఏప్రిల్ 6. దానిని కొట్టివేయలేదు.