ఫోన్ ఎత్తేవాళ్లు

కాలేజీ గేట్ల దగ్గర, బస్టాండు గోడల మీద ఈమధ్య ఒకే తీరు బోర్డులు కనిపిస్తున్నాయి. నల్లరంగు మీద ఓ పుర్రె, ఓ సిరంజి, సంకెళ్లు పడ్డ రెండు చేతులు. ‘డ్రగ్స్ వద్దు బ్రో’ అని పెద్దక్షరాలు. అడుగున ఎక్కడో ఓ నంబరు. బొమ్మేమో బెదిరిస్తుంది, నంబరేమో రమ్మంటుంది. సరదాకి ఒక్క దమ్ము లాగి చూద్దామనుకునే కుర్రాణ్ని ఆ పుర్రె ఆపుతుందేమో, ఆపితే మంచిదే. కానీ ఇప్పటికే అందులో కూరుకుపోయి, రాత్రుళ్లు నిద్రపట్టక, పొద్దున లేవలేక, అప్పులవాళ్ల ఫోన్లకు జవాబు చెప్పలేక నలిగిపోతున్నవాడికి పుర్రె కొత్తగా చెప్పేదేముంది? వాడికి కావలసింది ఆ అడుగునున్న అంకెలే. వాడి చూపు అంత కిందిదాకా దిగాలి కదా!

అంకెలకైతే మనకు కరువు లేదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖవారిది 14446. మత్తు మానాలనుకునేవాళ్లకూ, వాళ్ల ఇంట్లోవాళ్లకూ సలహా చెప్పి, దగ్గర్లో ఏ చికిత్సా కేంద్రం ఉందో చూపించడం దాని పని. నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో 2024 జూలైలో మొదలుపెట్టిన ‘మానస్’ది 1933. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల ఈగల్ దళానిది 1972. ఇవి కాక, మనసు బాగోలేనప్పుడు ఎవరైనా చేయగలిగిన టెలిమానస్ 14416 ఉంది. 2022 నుంచి పనిచేస్తోంది, తెలుగులోనూ మాట్లాడతారు. వీటిలో పట్టించడానికి కొన్ని, పట్టించుకోవడానికి కొన్ని. అమ్మేవాడి ఆచూకీ చెప్పే నంబరు వేరు, వాడేవాడి గోడు వినే నంబరు వేరు. గోడ మీద చూస్తే మాత్రం అన్నీ ఒక్కలాగే ఉంటాయి.

కొడుకు బ్యాగులో ఏదో పొట్లం చూసిన తల్లికి ఈ తేడా ఎవరు చెప్పారు గనక? ఫోన్ చేస్తే పోలీసులు గుమ్మంలోకి వస్తారేమో, వాడి పేరు ఎక్కడో రాసిపెట్టుకుంటారేమో, రేపు ఉద్యోగమో పెళ్లో కుదిరే వేళకు అది బయటపడుతుందేమో! ఆ భయంతోనే నెలలు గడిచిపోతాయి. నిజానికి మన మాదకద్రవ్యాల చట్టం 1985 నాటిదే అయినా, ఎంత కఠినమైనదైనా, అందులో 64ఎ అని ఓ సెక్షను ఉంది. కొద్ది మొత్తం దగ్గర దొరికిందనో, వాడాడనో కేసు పడ్డవాడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్నచోట చికిత్సకు సిద్ధపడితే, ఆ చికిత్స పూర్తి చేస్తే, వాణ్ని ప్రాసిక్యూట్ చేయకుండా కాపాడే సెక్షను అది. పుర్రె పక్కన ఈ ఒక్క ముక్క రాసినా ఎంతమంది తల్లులు ఊపిరి పీల్చుకునేవారో!

ఎయిమ్స్‌లోని జాతీయ మాదకద్రవ్య చికిత్సా కేంద్రం దేశమంతా సర్వే చేసి 2019లో ఓ నివేదిక ఇచ్చింది. మద్యానికి బానిసైపోయినవాళ్లలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందారట. ఆస్పత్రిలో చేరి వైద్యం చేయించుకున్నవాళ్లు 180 మందికి ఒక్కరు. నిషిద్ధ మత్తుపదార్థాల విషయంలో 20 మందికి ఒకరు. మంచాలు చాలవు, డాక్టర్లు చాలరు, నిజమే. కానీ మిగతా 37 మందీ ఆస్పత్రి గేటుదాకా వచ్చి చోటులేక వెనక్కి వెళ్లినవాళ్లేనా? అలా అనుకోలేం. వాళ్లలో చాలామంది ఇంట్లోనే ఉన్నారు, ‘మావాడికి ఒంట్లో బాగోలేదు’ అనే మాట వెనకాల.

హెల్ప్‌లైన్‌కు చేసేది కూడా చాలాసార్లు వాడు కాదు. అమ్మ, భార్య, అక్క. ‘మాకు తెలిసినవాళ్ల అబ్బాయండీ...’ అని మొదలవుతుంది మాట. కాసేపటికి ‘వాళ్లబ్బాయి’ పోయి ‘మావాడు’ వస్తాడు. అవతల విన్నవాళ్లకు ఆ సంగతి మొదట్లోనే తెలిసిపోతుంది, తెలిసినా తొందరపెట్టరు. ఎందుకు చేశాడు, మీరెలా పెంచారు అని అడగరు. ఎప్పటినుంచి, ఏం తీసుకుంటున్నాడు, నిన్న తిన్నాడా, ఇప్పుడు ఎక్కడున్నాడు... ఇవీ వాళ్ల ప్రశ్నలు. తప్పెవరిది అన్న దగ్గర గింగిరాలు తిరుగుతున్న ఇల్లు, రేపు పొద్దున ఏం చేయాలి అన్న దగ్గరికి వస్తుంది. ఫోను చేయగలిగింది అంతే, కానీ ఆ మాత్రం మలుపు చుట్టాలెవరూ ఇవ్వలేకపోతారు.

ఫోనుకీ ఈ జబ్బుకీ చుట్టరికం పాతదే. 1935 మే నెలలో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో, మేఫ్లవర్ హోటల్ లాబీలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ వ్యాపారి ఒంటరిగా నిలబడ్డాడు. వచ్చిన పని చెడిపోయింది. తాగుడు మానేసి కొన్ని నెలలే అయింది. లాబీకి ఓ చివర బారు, రెండో చివర టెలిఫోను, పక్కనే చర్చిల పేర్ల పట్టిక. ఆయన ఫోను వైపు నడిచాడు. డాక్టరు కావాలని అడగలేదు, మానలేకపోతున్న ఇంకో తాగుబోతు ఎవరైనా ఉంటే మాట్లాడాలన్నాడు. ఆ పిలుపు చివరికి తాగుడు మానలేని బాబ్ స్మిత్ అనే సర్జన్ దగ్గరికి చేర్చింది. పావుగంట కంటే ఎక్కువ కూర్చోనని వచ్చిన ఆ డాక్టరు గంటలకు గంటలు కూర్చుండిపోయాడు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ అక్కడే పుట్టింది. అదే దారిలో 1953లో కాలిఫోర్నియాలో నార్కోటిక్స్ అనానిమస్ వచ్చింది. ఇవాళ హైదరాబాద్‌లోనూ వాటి సమావేశాలు జరుగుతాయి. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. నాకు ఈ కథలో నచ్చేదేమిటంటే, బిల్ ఫోన్ చేసింది సాయం అడగడానికో, చేయడానికో విడదీసి చెప్పలేం. తను నిలబడాలంటే ఇంకొకడు కావాలి. మనం ‘గట్టిగా అనుకుంటే మానేయలేడా?’ అంటాం గానీ, ఆ గట్టితనం ఒంటరి మనిషిలో దొరికే సరుకు కాదేమో.

పైగా గట్టిగా అనుకుని ఒక్క పెట్టున మానేయడం ఒక్కోసారి ప్రాణాలమీదికి తెస్తుంది. తెలంగాణలో 2015లో కల్తీకల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆస్పత్రులు కిక్కిరిసిపోయాయి. మెడలు వంకర్లు పోయినవాళ్లు, ఫిట్స్ వచ్చినవాళ్లు, మంచాలకు నిలవక ఏదేదో మాట్లాడేవాళ్లు. వాళ్లకు తెలియకుండానే ఏళ్ల తరబడి కల్లుతో పాటు అల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ ఒంట్లోకి వెళ్లాయి. కల్లు ఆగేసరికి ఒళ్లు ఎదురుతిరిగింది. దుకాణం మూయించడం మనకు తెలుసు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడి రాష్ట్రాన్నే కదిలించారు. మూసిన మర్నాడు వణుకుతూ వాకిట్లో కూలబడ్డ మనిషిని ఎక్కడికి తీసుకెళ్లాలన్నదే ఇప్పటికీ మనకు సరిగ్గా తెలియదు.

ఎక్కడికో చూడాలంటే ప్రభుత్వ మానసిక వైద్యశాలలో డీఅడిక్షన్ ఓపీ ముందు కాసేపు కూర్చోవాలి. భర్త కుర్చీలో, భార్య పక్కన నిలబడి. ఆమె చంకలో గుడ్డసంచి, అందులో స్టీలు డబ్బా, పాత చీటీల కట్ట. డాక్టరు అతన్ని అడిగిన ప్రతిదానికీ ఆమే జవాబు చెప్పబోతుంది. ‘మీరుండండమ్మా, ఆయన్ని చెప్పనివ్వండి’ అంటాడు డాక్టరు. తర్వాత ‘చేతులు ముందుకు చాపు, వేళ్లు విడదియ్యి’ అంటాడు. చాపిన వేళ్లు సన్నగా వణుకుతుంటాయి. ‘నాలిక చాపు.’ అదీ వణుకుతుంది. ‘చివరిసారి ఎప్పుడు తీసుకున్నావు?’ మొత్తం సంభాషణలో ముఖ్యమైన ప్రశ్న అదే. ఫిట్స్ ఎప్పుడు రావచ్చో, ఏ మాత్ర ఎంత ఇవ్వాలో ఆ జవాబును బట్టే. ముందు బి1 విటమిన్ ఇంజెక్షను, నిద్రకూ వణుకుకూ మాత్రలు, రోజురోజుకూ డోసు తగ్గింపు. బ్రౌన్ షుగర్ లాంటివాటికి బ్యుప్రెనార్ఫిన్ మాత్ర నాలిక కింద. అక్కడ తిట్టూ లేదు, నీతిబోధా లేదు. అన్నాళ్లుగా తనని తిట్టనివాణ్ని చూడని ఆ మనిషికి అదే సగం మందు.

అంతదాకా రానివాళ్లను కరెంటు స్తంభాలకు అంటించిన కాగితాలు పట్టుకుంటాయి. ‘తెలియకుండా అన్నంలో కలిపి పెట్టండి, తాగుడు మానిపించండి.’ ఆ పొట్లంలో డైసల్ఫిరాం లాంటిది ఉంటే, దానిమీద మద్యం పడితే గుండె దడదడలాడి, బీపీ పడిపోయి, ప్రాణమే పోవచ్చు. డాక్టర్లు ఆ మందును మనిషికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి ఇస్తారు. భార్యకు దొంగతనంగా కలిపే పని అప్పగించే ఆ కాగితం ఇంట్లో మిగిలివున్న కాస్త నమ్మకాన్ని కూడా కూరలో కలిపేస్తుంది.

కేంద్రాలన్నీ ఒకటి కావు. చెన్నైలో శాంతి రంగనాథన్ 1980లో మొదలుపెట్టిన టీటీకే ఆస్పత్రి లాంటివి ఉన్నాయి. భర్తను తాగుడుకు పోగొట్టుకున్న మరుసటి ఏడే ఆవిడ ఆ పనికి పూనుకున్నారు. అక్కడ రోగితో పాటు ఇంట్లోవాళ్లకూ కౌన్సెలింగ్ ఉంటుంది. కేంద్రం నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే ఉచిత పునరావాస కేంద్రాలూ ఉన్నాయి. ఊరవతల పెద్ద గేటు వేసి, నెలకింతని తీసుకుని, కొట్టి మాన్పిస్తామనేవీ ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు వల్ల వచ్చే ఇబ్బందుల్ని కూడా మానసిక అనారోగ్యంలోనే చేర్చింది. ఎవరినీ ఏ రకంగానూ గొలుసులతో కట్టకూడదంది. కాబట్టి ‘ఎన్నాళ్లలో బాగుచేస్తారు?’ అని అడిగే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. రిజిస్ట్రేషను చూపిస్తారా? డాక్టరు రోజూ వస్తాడా? రాత్రి ఫిట్స్ వస్తే ఏం చేస్తారు? మేం వచ్చి చూడొచ్చా, వాడు మాతో ఫోన్లో మాట్లాడొచ్చా? ఇంటికొచ్చాక ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నలకు చిరాకుపడే చోట మనిషిని వదిలి రాకూడదు.

ఆ చివరి ప్రశ్నకే మన దగ్గర జవాబు పల్చన. శీతాకాలంలో అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లను చూడండి. రెండు సాయంత్రాలు తాగకుండా ఉండలేని మనిషి మండలం రోజులు ఉంటాడు. తెల్లవారుజామున చన్నీళ్లు, నల్లబట్టలు, ఒకరింట్లో భిక్ష, ఇంకొకరింట్లో పడిపూజ. నిన్నటిదాకా ‘ఏరా’ అన్నవాళ్లు ‘స్వామీ’ అంటారు. కొందరు ఆ ఊపులోనే శాశ్వతంగా మానేస్తారు. ఇంకొందరు మాల తీసిన వారానికే మళ్లీ వైన్‌షాపు ముందు కనిపిస్తారు. భక్తి తక్కువై కాదు. నలభై ఒక్క రోజులూ వాడికో గుంపు ఉంది, పలకరింపు ఉంది, సాయంత్రం ఏడింటికి వెళ్లడానికో చోటు ఉంది. ఆ తర్వాత ఎవరిళ్లకు వాళ్లు పోయారు, వాడి సాయంత్రం వాడికి మిగిలింది. చికిత్సా కేంద్రం నుంచి వచ్చినవాడి సంగతీ అంతే. అందుకే అనానిమస్ సమావేశాల్లో కొత్తవాడికి పాతవాడొకరు తన ఫోన్ నంబరు ఇస్తాడు, మనసు లాగినప్పుడు చేయమని.

మళ్లీ మొదలుపెడితే? చాలామంది పెడతారు. బీపీ మాత్రలు మానేసి మళ్లీ ఆస్పత్రిపాలైన పెదనాన్నను మనం గుణం లేనివాడనం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం. కానీ కేంద్రం నుంచి వచ్చినవాడు ఒక్కసారి జారితే ‘లక్ష పోశాం, అంతా బూడిదలో పోసినట్టే’ అనేస్తాం. హెరాయిన్ లాంటివాటిలో ఆ మాటకు భయపడి దాచుకోవడమే ప్రాణం తీస్తుంది. కొన్నాళ్లు మానిన ఒంటికి పాత డోసు ఆగదు. జారినరోజే చెప్పుకోగల ఇల్లు వాడికి ఉండాలి.

వాడు ఒప్పుకోడు, రానంటాడు, తలుపేసుకుంటాడు. అప్పుడెలా? ఇంట్లోవాళ్లు ఇక్కడే ఆగిపోతారు, వాడు ‘సరే’ అనేదాకా తమ చేతుల్లో ఏమీ లేదనుకుని. నిజానికి వాడు ఒప్పుకోవాలన్న నియమమేదీ ఆ ఫోనుకు లేదు. డబ్బు అడిగితే ఏం చెప్పాలి, మత్తులో ఉన్నప్పుడు మాట్లాడాలా, దిగాక మాట్లాడాలా, మంచిగా ఉన్న గంటలో ఏ మాట అంటే చెవికెక్కుతుంది, కొట్టబోతే ఎక్కడికి వెళ్లాలి... ఇవన్నీ తల్లి తనకోసం అడగవచ్చు. తాగేవాళ్ల ఇంటివాళ్లకోసం అమెరికాలో 1951లోనే అల్-అనాన్ అని విడిగా ఓ సంఘం పుట్టింది, ఇంటివాళ్లకూ దెబ్బ తగులుతుందని తెలిసే. ముందు ఆమె మాట్లాడటం మొదలుపెడితే, ఆమె తీరు మారేసరికి, చాలా ఇళ్లలో వాడూ ఓరోజు వెంట వస్తాడు. రాకపోయినా, ఏళ్లుగా అందరికీ అబద్ధం చెబుతూ బతికిన ఆమెకు నిజం చెప్పుకోవడానికి ఒకరు దొరికారు. అందుకైనా ఆ నంబరు ఆమె ఫోన్లో ఉండాలి.